తడి తరుగు

చీపురుపల్లి రోడ్డు మీద
గోగునార కొనే గొడౌన్లో
ఇరవై రెండేళ్లుగా కాటా గుమస్తాని.
కట్టలో చెయ్యి దూర్చానంటే
నార ఎంతో, నీళ్లెంతో చెప్పేస్తాను.
నా ఒంటి దగ్గరే లెక్క తప్పాను.

ఆషాఢంలో డాక్టరమ్మ అన్నం మానమంది.
తొంభై నాలుగు కిలోలు,
రక్తంలో చక్కెర రెండొందల పైన.
అన్నం, ఇడ్డెన్లు, చోడంబలి,
మజ్జిగన్నంలో నంజుకునే అరటిపండుతో సహా
గీతకి అవతలకి పోయాయి.
ఇవతల మిగిలినవి గుడ్లు, ఎండు నెత్తళ్లు, వంకాయ,
ఇంత నెయ్యి, గోంగూర.
సీజనొచ్చాక పగలు దాని నార తూచి
రాత్రి దాని ఆకు తిన్నాను.

మొదటి పదిహేను రోజులకే
నాలుగున్నర కిలోలు!
మేకు కాల్చి బెల్టుకి కొత్త బొక్క పొడిచాను.
హమాలీలందరికీ టీలు పోయించి
నేను మాత్రం గ్లాసు ముట్టకుండా
రాజులా నిలబడ్డాను.

రెండో నెల రెండు కిలోలు.
మూడో నెల కిలోకి కాస్త తక్కువ.
కార్తీకం వచ్చేసరికి
ఎనభై ఆరున్నర దగ్గర ఎర్రంకెలు
బురదలో దిగిన బండిచక్రంలా ఆగిపోయాయి.
ఎక్కి దిగాను. చెప్పులు విప్పి ఎక్కాను.
జేబులో తాళాలు తీసి ఎక్కాను.

"గొడౌను కాడ బజ్జీలు తింతన్నారేటండీ?"
మా గౌరీశ్వరి అనుమానం.
పైడితల్లి మీద ఒట్టేశాను.
ఒట్టేస్తుంటే మాత్రం
పల్లీల డబ్బా గుర్తొచ్చింది.
మొదట్లో గుప్పెడు, ఇప్పుడు లెక్కలేని గుప్పెళ్లు.
నెయ్యి గరిట కూడా ఈమధ్య
కాస్త లోతుగానే మునుగుతోంది.

ఆ మర్నాడే గరివిడి అవతల్నుంచి
కొల్లి సన్యాసమ్మ ఆరు కట్టలు దింపింది.
అలవాటుగా, చూడకుండానే
ఆరు కిలోలు తరుగు రాయబోయాను.
చీటీ మీద చెయ్యి పెట్టేసింది.

"మూడు దినాలు ఎండేసినానయ్యా.
మొదటి దినం సగం బరువు దిగిపోనాది.
రెండో దినం కూసింత.
నిన్న ఏటీ తగ్గనేదు.
ఇంకేటి తీస్తావు?
ఇది నీరు కాదయ్యా, నార!"

కలం అక్కడే ఆగింది.

డాక్టరమ్మ అప్పుడే చెప్పింది,
బెల్టు బిగించుకునే సంబరంలో నేను వినలేదు.
ఒళ్లు దాచుకున్న అన్నం
తనతో పాటు మూడింతల నీళ్లని పట్టి ఉంచుతుందట.
దాపు కరిగితే ముందు పోయేది ఆ నీళ్లే.
నేను టీలు పోయించింది
తడి పోయినందుకన్నమాట.

ఆ తర్వాతది నార. పోగు పోగుగా తప్ప
రాదు.
పైగా మా లారీ డ్రైవర్ని అడిగితే వాడూ చెప్తాడు,
లోడుతో వెళ్లిన బండి
ఖాళీగా తిరిగొచ్చేప్పుడు డీజిల్ తక్కువ తాగుతుందని.
ఏడున్నర కిలోలు దించేసిన ఒంటికి
పాత ఖర్చు ఎందుకు?
అది కూడా మా అమ్మమ్మలాంటిదే కాబోలు,
గాదెలో గింజలు తగ్గితే
ఎవరికీ చెప్పకుండా గంటె చిన్నది చేసేది.
ఇది డాక్టరు చీటీ అని దానికెలా తెలుస్తుంది?
కరువనుకుంటుంది.
పాపం, దాని జ్ఞాపకంలో
కరువులకేం కొదవ?

సన్యాసమ్మ ఇంకా చెయ్యి తియ్యలేదు.
కట్టలో చెయ్యి దూర్చాను.
పొడి. గరగరలాడే పొడి.
ఒకటి అని రాశాను.
సేఠ్ రేపు అడుగుతాడు, అడగనీ.

సాయంత్రం షట్టరు దించేముందు
మళ్లీ కాటా ఎక్కాను.
ఎనభై ఆరు నాలుగొందలు.
వాచ్‌మన్ తవిటయ్య తొంగిచూసి
"వంద గ్రాములేనా బాబూ?" అని నవ్వాడు.

వందే.
కానీ తడి కాదురా.